గొలుసు ఎవరి చేతికి? నమ్మకమైన డాగ్ వాకర్‌ని వెతికి పెట్టుకునే పద్ధతి

ఉదయం ఆరింటికి మీ లాబ్రడార్‌ని తీసుకెళ్ళిన కుర్రాడు ఆరున్నరకు తెచ్చి అప్పగిస్తాడు. ఆ అరగంటలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరికి మాటలు రావు, ఇంకొకరికి నెల జీతం కావాలి. అందుకని మంచి మనిషి దొరకాలని మొక్కుకోవడం కంటే, ఆ అరగంట మీ కంటికి ఆనేలా ఏర్పాటు చేసుకోవడమే అసలు పని. ఈ మార్గదర్శి అంతా దాని గురించే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలను దృష్టిలో పెట్టుకుని రాసింది. విశాఖలో, విజయవాడలో ఉక్కపోత తోడవుతుంది, మిగతా లెక్క ఒకటే.

1. ముందు కుక్క సంగతి కాగితం మీద పెట్టండి

"వాకర్ కావాలి" అని గ్రూపులో మెసేజ్ పెట్టే ముందు బరువు, వయసు, భయాలు, చెడ్డ అలవాట్లు రాసుకోండి. 30 కిలోల లాబ్రడార్ పిల్లిని చూసి ఒక్క దూకు దూకితే బక్కపలుచని కుర్రాడు బోర్లా పడతాడు. షిట్జూ, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు 20 నిమిషాల నడక చాలు, ఎండ మాత్రం అస్సలు పడదు. బీగిల్‌కి దూరం కంటే వాసన చూసుకునే తీరిక ముఖ్యం, తొందరపెట్టి లాక్కెళ్ళేవాడు దానికి పనికిరాడు. జర్మన్ షెపర్డ్, హస్కీ, లాబ్రడార్లకు రెండు పూటలా కనీసం 40 నిమిషాలు కావాలి.

పిల్ల కుక్కకైతే ఇంకా వాకర్ అక్కర్లేదు. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, 3-4 వారాలకొకటి చొప్పున 16 వారాల దాకా సాగుతాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఆఖరి డోసు పడి రెండు వారాలు గడిచేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దాన్ని దింపకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది.

పిల్లలు అమెరికాకో బెంగళూరుకో వెళ్ళిపోగా, డెబ్బై దాటిన అమ్మానాన్నల దగ్గర మిగిలిపోయిన పెద్ద కుక్కలు ప్రతి కాలనీలో ఒకటి రెండు ఉంటాయి. ఆ ఇళ్ళకు వాకర్ సోకు కాదు, అవసరం. అయితే మనిషిని వీడియో కాల్‌లో చూసి మీరు ఖాయం చేసేయకండి. రోజూ తలుపు తీసేది వాళ్ళు, ముందు వాళ్ళకు నచ్చాలి.

2. ఎక్కడ అడగాలి

మొదట పశువుల డాక్టరు క్లినిక్‌లో అడగండి. నిజానికి డాక్టరు కంటే కాంపౌండరుకే ఎక్కువ తెలుస్తుంది. ఏ కుక్క ఏ కుర్రాడితో వచ్చింది, టేబుల్ ఎక్కించేటప్పుడు వాడిని నమ్ముకుని నిలబడిందా లేదా అన్నది రోజూ చూసేది ఆయనే. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు దగ్గర్లో ఉంటే అక్కడి ఆసుపత్రుల్లో కూడా వాకబు చేయొచ్చు.

రెండోది, పొద్దున్నే కిందికి దిగి చూడటం. ఆరు నుంచి ఏడున్నర వరకు మూడు రోజులు మీ బ్లాకు దగ్గర కూర్చుంటే ఎవరి తీరేమిటో తెలిసిపోతుంది. ఫోన్ చెవిలో పెట్టుకుని కుక్కను ఈడ్చుకెళ్ళేవాడు, చేతిలో మూడు గొలుసులు పట్టుకున్నవాడు, కుక్క ఆగితే తానూ ఆగేవాడు. ఆ మూడో మనిషి నంబరు తీసుకోండి.

వాచ్‌మన్‌ని, కారు కడిగే అబ్బాయిని అడగడం మన దగ్గర మామూలే. మనిషి మంచివాడే అయి ఉంటాడు, కానీ గేటు దగ్గర హారన్ మోగితే కుక్కను స్తంభానికి కట్టేసి పరుగెత్తక తప్పదు. రెండు డ్యూటీల మధ్య నలిగే మనిషికి ఈ పని ఇవ్వకపోవడం మేలు. యాప్‌ల ద్వారా వచ్చేవాళ్ళ విషయంలో ఒకటే చూడాలి: రోజూ అదే మనిషి వస్తాడా, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వస్తారా? రెండోదైతే వద్దు.

3. ఫోన్లోనే వేయాల్సిన లెక్క

"తమ్ముడూ, పొద్దున ఎన్ని కుక్కల్ని తిప్పుతావు?" అని మామూలుగా అడగండి. తొమ్మిది అని గర్వంగా చెబితే మీరు మనసులో లెక్క వేయండి. ఆరు నుంచి తొమ్మిది దాకా 180 నిమిషాలు. లిఫ్టు కోసం ఆగడం, గొలుసు తగిలించడం, మళ్ళీ అప్పగించడం, పక్క బ్లాకుకు వెళ్ళడం కలిపి కుక్కకు 10 నిమిషాలు ఎటూ పోతాయి. అరగంట నడక నిజంగా ఇస్తే ఒక్కో కుక్కకు 40 నిమిషాలు, అంటే పొద్దున నాలుగు కుక్కలకు మించి కుదరదు. తొమ్మిది కుదిరాయంటే ఒక్కోదానికి పది నిమిషాలే దక్కుతున్నాయి, లేదా మూడేసి కుక్కల్ని ఒకేసారి తీసుకెళ్తున్నాడు. ఈ ఒక్క ప్రశ్నతో సగం మంది తేలిపోతారు.

జీతానికి కూడా నడక లెక్కే వేసుకోండి. ఉదాహరణకు నెలకు 6000, రెండు పూటలు, వారానికి ఒక సెలవు. 26 రోజులకు 52 నడకలు, ఒక్కోటి సుమారు 115 రూపాయలు. ఇంకొకడు 4500కే వస్తానంటే నడకకు 87 పడుతుంది. ఆ తేడా ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి కదా, పూడ్చుకునేది మీ కుక్క నిమిషాల్లోంచే. మీ ఏరియాలో ముగ్గురిని అడిగి, అట్టడుగు ధర చెప్పినవాడిని పక్కన పెట్టండి.

4. ఇంటికి పిలిచి, కుక్కను మాట్లాడనివ్వండి

మొదటిసారి కలిసేటప్పుడు మీరు తక్కువ మాట్లాడండి. తెలిసినవాడైతే లోపలికి వస్తూనే కుక్క మీద వంగడు, తల మీద చెయ్యి వేయడు. కాస్త పక్కకు తిరిగి నిలబడో కూర్చునో దాన్నే రానిచ్చి, వాసన చూడనిచ్చి, అప్పుడు గదవ కిందో ఛాతీ దగ్గరో నిమురుతాడు. "నాకు కుక్కలంటే ప్రాణం సార్" అంటూ వాటేసుకునేవాడి మీద ఓ కన్నేసి ఉంచండి. ప్రేమ వేరు, పని తెలియడం వేరు.

ఆ తర్వాత అడగాల్సినవి:

బెల్టులోంచి తల జారి పారిపోతే ఏం చేస్తావు? "వెంటపడి పట్టుకుంటా" అన్నది తప్పు జవాబు. వెంటపడితే కుక్కకు అది ఆట, రోడ్డు దాటేస్తుంది. కింద కూర్చుని పేరు పెట్టి పిలవాలి, రాకపోతే ఎదురు దిక్కుకు పరుగెత్తి దాన్నే తన వెంట రప్పించుకోవాలి, వెంటనే ఇంటికి ఫోన్ చేయాలి.

వీధి కుక్కలు చుట్టుముడితే? కర్ర ఊపడం, రాయి విసరడం గొడవను పెంచుతుంది. పరుగెత్తకూడదు, వీపు చూపకూడదు. మన కుక్కను వెనక్కి పెట్టుకుని, నెమ్మదిగా పక్కకు నడవాలి. చేతిలో మడత గొడుగు ఉంటే ఒక్కసారి విప్పితే చాలు, అవి తగ్గుతాయి. ఎవరు ఏ మూలలో, ఏ టైముకు వీధి కుక్కలకు అన్నం పెడతారో తెలుసుకుని ఆ టైములో అటు వెళ్ళనివాడు ఇంకా తెలివైనవాడు. చెవి అంచు కొద్దిగా కత్తిరించిన కుక్కలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవని తెలిసి ఉంటే మరీ మంచిది.

ఇది ఎవరినైనా కరిస్తే? గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీ పొడి పెట్టకూడదు. ఆ మనిషిని వెంటనే టీకాకు పంపాలి. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అందరికీ తెలిసినవే. మీకు కబురు చెప్పకుండా దాచకూడదు, అన్నిటికంటే ఇదే ముఖ్యం. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, దాన్ని స్వాధీనంలో ఉంచుకున్నవాళ్ళకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. గొలుసు పట్టుకున్నవాడికీ ఇది తెలిసి ఉండాలి.

నీకు జ్వరమొస్తే రేపు ఎవరొస్తారు? "మా తమ్ముణ్ణి పంపిస్తా" అంటే ఆగండి. ఆ తమ్ముణ్ణి మీరు చూడలేదు, మీ కుక్క అసలే చూడలేదు. "రాలేనని ముందు రాత్రే చెబుతా" అన్నదే మనకు కావాల్సిన జవాబు.

5. గుర్తింపు

ఆధార్ జిరాక్సు తీసుకుని సొరుగులో పడేస్తే పని అయినట్టు కాదు. అధికారిక ఆధార్ యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పేరు, ఫొటో సరిపోయాయో చూడండి. మీ దగ్గర ఉంచుకోవడానికి చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ చాలు, మొత్తం నంబరు అక్కర్లేదు. తెలంగాణలో ఉన్నవాళ్ళు పోలీసుల హాక్ ఐ యాప్‌లో ఇంట్లో పనిచేసేవాళ్ళ వివరాలు నమోదు చేసుకోవచ్చు. ప్రస్తుతం పనిచేస్తున్న రెండిళ్ళ నంబర్లు అడగండి. ఆ ఇళ్ళవాళ్ళను "మంచివాడేనా?" అని అడిగితే అందరూ ఆఁ అనే అంటారు. "పోయిన నెల ఎన్నిసార్లు మానేశాడు? ముందుగా చెప్పాడా? కుక్క ఎప్పుడైనా కుంటుతూ వచ్చిందా?" అని అడిగితే నిజం బయటికొస్తుంది.

మైగేట్, నోబ్రోకర్‌హుడ్ లాంటి గేటు యాప్ ఉంటే మీ ఇంటి పనివాళ్ళ జాబితాలో చేర్చండి. రాకపోకల టైము దానంతటదే నమోదవుతుంది. ఇంటి తాళం మాత్రం మొదటి మూడు నెలలు ఇవ్వకండి.

6. గొలుసు, బెల్టు, హార్నెస్

నడకలో కుక్క తప్పిపోతే తప్పు ప్రతిసారీ వాకర్‌ది కాదు, వదులు బెల్టుది కూడా కావచ్చు. మెడకు, బెల్టుకు మధ్య రెండు వేళ్ళు పట్టాలి, మూడు పట్టకూడదు. మన దేశీ కుక్కలకు, సన్నని తల ఉన్న రాజపాళయం, ముధోల్ జాతులకు మామూలు బెల్టు ఇట్టే జారుతుంది. వెనక్కి లాగి తల వంచితే చాలు, బయటపడతాయి. వాటికి లాగినప్పుడు కొద్దిగా బిగిసే మార్టింగేల్ బెల్టు వాడాలి.

లాగే కుక్కకు ఛాతీ మీద 'వై' ఆకారంలో వచ్చే హార్నెస్ మేలు. చంకల్లో ఒరుసుకోకుండా చూడండి, ఒరిస్తే వారంలో వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడుతుంది. పొమరేనియన్, పగ్ లాంటి చిన్నవాటికి మెడ బెల్టుకు గొలుసు తగిలించి లాగితే శ్వాసనాళం దెబ్బతింటుంది. బిగుసుకుపోయే చోక్ చైన్ వాకర్ అడిగినా ఇవ్వొద్దు.

లీష్, అంటే చేత్తో పట్టుకునే తాడు, 5-6 అడుగులు, గుడ్డదో నైలాన్‌దో. బటన్ నొక్కితే సాగే రకం అపార్ట్‌మెంటులో పనికిరాదు. ఆటో వచ్చే వేళకు కుక్క పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది. లీష్‌ను చేతికి గట్టిగా చుట్టుకోకూడదని, బొటనవేలికి కొసనున్న లూపు తగిలించి మిగతాది మడిచి పట్టుకోవాలని చెప్పండి. చుట్టుకున్నవాడి వేళ్ళే విరుగుతాయి.

లిఫ్టు గురించి ఎవరూ చెప్పరు, ప్రమాదం మాత్రం అక్కడే ఎక్కువ. మనిషి లోపల, కుక్క బయట, తలుపులు మూసుకున్నాయంటే లీష్ ఉరితాడవుతుంది. లీష్ పొట్టిగా పట్టి, కుక్కను ముందు లోపలికి పంపి, వెనక గోడకు ఆనించి నిలబెట్టాలి. మొదటి రోజు మీ కళ్ళ ముందు మూడుసార్లు ఎక్కించి దింపించండి. ఇక కుక్కను లిఫ్టు ఎక్కనివ్వమనే అసోసియేషన్లకు జవాబుంది. భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం అలా నిషేధించకూడదు.

బెల్టుకు రెండు ఫోన్ నంబర్లున్న బిళ్ళ తగిలించండి. రేబిస్ టీకా సర్టిఫికెట్, జీహెచ్ఎంసీ లైసెన్సు ఫొటోలు వాకర్ ఫోన్‌లో కూడా ఉండాలి. కాటు గొడవ వస్తే ముందు అడిగేది అవే.

మాటలు కూడా సామానే. ఇంట్లో మీరు "కూర్చో", "ఆగు" అంటుంటే, వాకర్ "సిట్", "స్టే" అంటే కుక్క తికమకపడుతుంది. ఐదారు మాటలు రాసి ఇవ్వండి.

7. వారం రోజుల పరీక్ష

మొదటి రోజు గొలుసు మీ చేతిలో, వాకర్ పక్కన. రెండో రోజు గొలుసు అతని చేతిలో, మీరు పక్కన. మూడో రోజు మీరు ఇరవై అడుగుల వెనక, వీలైతే కుక్కకు కనబడకుండా. నాలుగు, ఐదు రోజులు ఒంటరిగా పదిహేనేసి నిమిషాలు. ఆరో రోజు పూర్తి నడక. ఏడో రోజు చెప్పకుండా కిందికి దిగండి. ఈ వారానికి డబ్బులు పూర్తిగా ఇవ్వాలి, ఉచితంగా చేయించుకుంటే నచ్చకపోయినా వద్దనడానికి మొహమాటం అడ్డొస్తుంది.

8. ఒక పేజీ ఒప్పందం

తెలుగులోనే రాయండి, స్టాంపు పేపరు అక్కర్లేదు. టైము, నిమిషాలు, దారి. లీష్ ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. వేరే ఇంటి కుక్కతో కలిపి తీసుకెళ్ళాలంటే మీ అనుమతి కావాలి, రెండుకు మించకూడదు. బదులు మనిషిని పంపకూడదు. మలం తీసి కవర్లో వేయాలి, కవర్లు మీరే ఇవ్వాలి. దారిలో ఏమీ తినిపించకూడదు. మీరు ఫోన్ ఎత్తకపోతే ఏ క్లినిక్‌కి తీసుకెళ్ళాలి, ఎంత వరకు ఖర్చుపెట్టొచ్చు అన్నది అంకెల్లో రాయండి. మానేయాలంటే రెండువైపులా 15 రోజుల నోటీసు.

మీ వంతు కూడా అందులో ఉండాలి. రోజూ పది కుక్కల మధ్య తిరిగే మనిషికి రేబిస్ ముందస్తు టీకా వేయించడం న్యాయం. 0, 7, ఆపై 21 లేదా 28వ రోజున, మొత్తం 3 డోసులు. ఆ ఖర్చు రెండు మూడు ఇళ్ళవాళ్ళు కలిసి పెట్టుకుంటే భారమనిపించదు. నాలుగు వేల రూపాయల ట్రీట్లు కొనే ఇంట్లో దీనికి బేరమాడటం బాగోదు.

9. ఎండ, వాన, పండగ

మార్చి నుంచి జూన్ దాకా నడక పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఏడు దాటాకే. పొద్దుగూకినా తారురోడ్డు చాలాసేపు కాలుతూనే ఉంటుంది. అరచేతి వెనక వైపు రోడ్డుకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉండలేవు. కుక్క మామూలు ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే అత్యవసరం. విపరీతంగా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్ళు, తూలడం కనబడితే నీడకు చేర్చి, పొట్ట, తొడల మధ్య, పాదాల మీద మామూలు నీళ్ళు పోస్తూ గాలి తగిలేలా చేసి క్లినిక్‌కి పరుగెత్తాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

వానాకాలంలో కరెంటు స్తంభాల దగ్గర నిలిచిన నీళ్ళలోకి వెళ్ళొద్దని గట్టిగా చెప్పండి, ఇది మనిషికీ కుక్కకూ ప్రాణాల మీది మాట. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. పిడుదులు, అదే గోమార్లు, ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు వాకర్ తువ్వాలు మీద కూడా ప్రయాణం చేస్తాయి. రోజూ తిరిగొచ్చాక చెవుల లోపల, వేళ్ళ మధ్య, చంకల్లో మీరే చూసుకోండి.

బిర్యానీ సెంటర్ల ముందు పడేసిన కోడి ఎముకలు వండినవి కాబట్టి చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. డివైడర్ల మీద పూసే గన్నేరు విషం. ఈ రెండూ ఉన్న దారి మార్చండి. దీపావళి వారంలో నడక చీకటి పడకముందే ముగియాలి, బెల్టుకొకటి హార్నెస్‌కొకటి రెండు లీష్‌లు. నిమజ్జనం డప్పులకూ ఇదే పద్ధతి. సంక్రాంతికి నేల మీది మాంజా పాదాలు కోసేస్తుంది. ఆడకుక్క ఎదకు వస్తే సుమారు మూడు వారాలు వీధి నడక మానిపించి, వాకర్‌కి జీతం మాత్రం ఆపకండి.

10. నెల తర్వాత చూడాల్సినవి

నడక మొదలవగానే వాట్సాప్ లైవ్ లొకేషన్ గంటకు పెట్టి పంపమనండి. అయితే చుక్క కదలకుండా పార్కు బెంచీ దగ్గరే ఉంటే అర్థమయ్యేదేమిటో తెలుసుగా. తిరిగి రాగానే ఇంట్లో ఉచ్చ పోస్తే బయట సరిగా నడవలేదన్నమాట. బెల్ మోగితే మంచం కిందికి దూరుతోంది, తోక కాళ్ళ మధ్య పెడుతోంది, వాకర్ చేతిని చూసి ముడుచుకుంటోంది అంటే ఆ రోజే ఆపేయండి. దాన్ని ఎవరో కొట్టారు, లేదా ఏదో భయపెట్టింది. అది తేలేదాకా గొలుసు మీ చేతిలోనే ఉండాలి. మెడ దగ్గర వెంట్రుకలు రాలినా, గోళ్ళు ఒక్కవైపే అరిగినా అడగండి, నిలదీయకుండా. తిడతారన్న భయం పట్టుకుంటే ఆ మనిషి రేపు అసలు విషయం దాచేస్తాడు.

మంచి వాకర్ కూడా ఏదో ఒక రోజు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతాడు. వెళ్ళేముందు కొత్త మనిషితో రెండు రోజులు కలిసి నడవమని అడిగి, దానికి విడిగా డబ్బివ్వండి. ఆ తర్వాత గేటు యాప్‌లో పేరు తీసేసి, తలుపు కోడ్ మార్చి, లొకేషన్ పంపే వాట్సాప్ గ్రూపు సరిచేసి, కొత్త మనిషితో ఈ మార్గదర్శిలోని నాలుగో అంకె నుంచి మొదలుపెట్టండి.